కాలవ వదలగానే వస్తా

బసవయ్య ఎవర్నీ బస్సెక్కించేవాడు కాదు.

మా కృష్ణలంకలో ఇది చిన్న తప్పు కాదు. చుట్టం ఊరికి బయల్దేరితే సంచీ మోసుకుంటూ బస్టాండు దాకా వెళ్ళాలి, కిటికీలోంచి సీటు మీద తువ్వాలు విసరాలి, బస్సు కదిలేదాకా కింద నిలబడి చెప్పిన మాటే మళ్ళీ చెప్పాలి. బసవయ్య ఇవేవీ చెయ్యడు. చుట్టం బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టగానే తనే చెప్పులేసుకుని, "పనుంది" అని సైకిలెక్కేవాడు. వచ్చినవాడు గడప దిగేలోపు ఇంటాయన వీధి మలుపు తిరిగిపోయేవాడు.

పొగరనేవాళ్ళు కొందరు. "అమ్మా అయ్యా లేకుండా పెరిగినవాడికి మర్యాదలెక్కడివి?" అనేవాళ్ళు ఇంకొందరు. ఈ రెండో మాటలో నిజం ఉంది గాని, అన్నవాళ్ళకి దాని లోతు తెలియదు.

నేను వాళ్ళింటి ముందు గదిలో అద్దెకుండేవాణ్ణి. గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని నాది. బసవయ్య ఆటోనగరులో లారీలకి చెక్క బాడీలు కట్టే వడ్రంగి. ముప్పై దాటాయి. పొట్టి మనిషి, చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి తగిలించినట్టు పొడుగ్గా ఉండేవి. పొద్దున్నే నా కిటికీ రెక్క మీద కొట్టి, "లెగరా పుస్తకాల పురుగా! ఇయ్యాళ ఎవర్ని తిట్టినాయి నీ పుస్తకాలు?" అనేవాడు. "నీలాంటోళ్ళనే అన్నా" అంటే పెద్దగా నవ్వేవాడు. నవ్వితే మంచివాడిలా కనపడేవాడు. మంచివాడే కూడా.

అతని ఇంటిపేరు లాకుల. అది జనం పెట్టింది. తండ్రి ఇంటిపేరేమిటో అతనికి తెలియదు.

ఆ సంగతి నాకు చెప్పింది శౌరమ్మ. బందరు కాలవ మీద దిగువన ఒక లాకు దగ్గర ఆమె భర్త లాజరు లస్కరుగా ఉండేవాడు. లాకు తలుపులు తిప్పి, పడవల్ని ఎగువ నీళ్ళనుంచి దిగువకీ దిగువనుంచి ఎగువకీ మార్చడం లస్కరు పని. బసవయ్యని పెంచింది ఆ ఇద్దరే. లాజరు పోయాక కూడా శౌరమ్మ ఏటా గుణదల తిరునాళ్ళకి వచ్చి బసవయ్య ఇంట్లో రెండు రోజులుండేది. ఆమెని కూడా అతను బస్సెక్కించడు. నేను వెళ్ళేవాణ్ణి. అలా బస్టాండులో కూర్చున్నప్పుడు ఒకసారి చెప్పింది.

"ఆళ్ళయ్య పడవ మడిసి, బాబూ. పెళ్ళాం కలరాలో పోయింది. ఈణ్ణి పడవలోనే ఏసుకుని తిరిగేవోడు. ఎండాకాలం కాలవ కట్టేశారు. పడవ బురదలో కూర్చుండిపోయింది. పనుండదుగా. ఎక్కడికో కూలికి పోతన్నానని పిల్లోణ్ణి మా అరుగు మీద కూర్చోబెట్టాడు. 'కాలవ వదలగానే వస్తానమ్మా, అందాకా ఈడికి రొండు మెతుకులు పెట్టు' అన్నాడు. పిల్లోడికీ అదే చెప్పాడు. ఈడికి అప్పుడు ఐదో, ఆరో."

"తర్వాత?"

"ఏముంది? కాలవ వదిలారు. ఆయన రాలా."

"మరి నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్తాను బాబూ, పసోడికి? వస్తాడులే అయ్యా అన్నాను. ఆ ఏడు రాలేదు, పై ఏడు వస్తాడులే అన్నాను. ప్రతి ఏడూ నీళ్ళొదుల్తారని తెలవంగానే తలంటి పొయ్యమనేవోడు, నాన్నొస్తాడు గదా అని. మీసాలొచ్చిందాకా నేను వస్తాడనే చెప్పుకొచ్చాను. రాడని చెప్పటానికి నోరు రాలా."

ఇలాంటి దయగల మనుషుల మీద నాకు పీకల్దాకా కోపం. కొట్టినవాడి దెబ్బ పిల్లవాడికి కనపడుతుంది, తడుముకుంటాడు, ఏడుస్తాడు, మరిచిపోతాడు. "వస్తాడులే" అన్న మాట ఎక్కడ తగిలిందో ఎలా చూసుకుంటాడు?

బసవయ్య పెళ్ళి అతని పనితనం వల్ల కుదిరింది. కూచిపూడి అవతల ఒక పల్లెలో వెంకటప్పయ్య అనే చిన్న రైతు ఉన్నాడు. ట్రాక్టరు తొట్టికి చెక్కలు వేయించడానికి ఆటోనగరు వచ్చి, బసవయ్య పని చూసి, మనిషిని కూడా చూసి, తన చిన్న కూతురు రామతులసిని ఇస్తానన్నాడు. ముందూ వెనకా ఎవరూ లేరు కదా అని ఊళ్ళోవాళ్ళు సణిగితే ఆయన భార్య మాణిక్యమ్మ, "లేకపోతేనే మంచిది. అత్తలేని కోడలు ఉత్తమురాలన్నారు" అని నోరు మూయించింది.

రామతులసికి ఇరవై ఏళ్ళు. ఊరికే మాట్లాడేది, ఊరికే నవ్వేది. ఆ ఇంట్లో అడుగు పెట్టాక గోడలకి కూడా మాటలొచ్చినట్టుండేది.

ఆమెని బసవయ్య ప్రేమించాడంటే చాలదు, కాపలా కాశాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆటోనగరునుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, వాకిలి తీసి ఉందో లేదో చూసి, చెంబెడు నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళిపోయేవాడు.

"ఏవయ్యో, ఆటోనగర్లో మంచినీళ్ళు దొరకవా?" అనేది ఆమె.

"ఇంటి నీళ్ళు తియ్యగా ఉంటయ్యే."

ఆమె మురిసిపోయేది. మురిసిపోవడంలో తప్పు లేదు. నేను చదివిన కథల్లో మొగుడూ పెళ్ళాల మధ్య అడ్డం ఎప్పుడూ బయటినుంచే వస్తుంది. కులమో, డబ్బో, ఆడబిడ్డో. ఈ ఇంట్లో అవేవీ లేవు. అందరూ మంచివాళ్ళే. అడ్డం అతని డొక్కలోనే కూర్చుని ఉందని ఎవరికి తెలుస్తుంది?

ఒకనాడు రామతులసి పక్కింటివాళ్ళతో మాట్నీకి వెళ్ళింది. సినిమా వదిలేసరికి పెద్ద వాన. ఆలస్యమైంది. తడిసి ముద్దయి ఇంటికొచ్చేసరికి ఆమె ట్రంకుపెట్టె తాడు కట్టి గడప మీద పెట్టి ఉంది. బసవయ్య లోపల చీకట్లో నిలబడి ఉన్నాడు.

"పో. ఎట్టాగూ పోయేదానివి. ఇయ్యాళే పో."

ఆమె వేళాకోళమనుకుని నవ్వింది. "ఎక్కడికి పోనయ్యా? వానకి ఆగాను గాని, పోటానికా?"

అతను నవ్వలేదు. అప్పుడామె పెట్టె మీద కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత చాలా రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే కుళాయి దగ్గర క్యూలో నిలబడి నీళ్ళు మోసుకొచ్చేవాడు, మాట్లాడకుండానే మల్లెపూల పొట్లం కిటికీలో పెట్టి పోయేవాడు. రామతులసి నన్నడిగింది:

"నేను పోతానని భయమా తమ్ముడూ మీ అన్నకి, పోవాలని కోరికా?"

పోతుందేమో అని కూర్చోవడంకంటే పోవడమే తేలికని అతనికి అనిపిస్తుందని తర్వాత తెలుసుకున్నాను.

ఏడో నెల రాగానే వెంకటప్పయ్య, మాణిక్యమ్మ చలిమిడి, చీర, గాజులు పట్టుకుని కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చారు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. ఇది అందరికీ తెలిసిందే. బసవయ్యకీ తెలుసు. తెలిసి కూడా మొండికేశాడు.

"ఇక్కడ పెద్దాసుపత్రుందండి మావయ్యగారూ. డాక్టర్లుంటారు. మీ పల్లెలో ఏముంది?"

మాణిక్యమ్మ అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. తలుపు చాటునుంచి నాతో అంది: "నేనున్నానని చెప్పు బాబూ. నలుగుర్ని కన్నదాన్ని. తొలిచూలు పిల్లని పుట్టింటికి తీసుకెళ్ళకపోతే ఊరు ఊరంతా మా మొహాన ఉమ్మెయ్యదూ?"

"పెళ్ళాం కొంగు వదిలితే గాలికి కొట్టుకుపోతాడేమోనమ్మా, మీ అల్లుడు!" అని గోడ అవతలినుంచి పక్కింటావిడ. ఇల్లంతా నవ్వింది. రామతులసి కూడా నవ్వింది.

"ఎప్పుడు పంపుతారు?" అన్నాడు బసవయ్య.

"మూడో నెల ఎల్లంగానే అల్లుడుగారూ. నా మాట నమ్మండి" అన్నాడు వెంకటప్పయ్య.

మర్నాడు పొద్దున్న రిక్షా వచ్చేసరికి బసవయ్య లేడు. రామతులసి గడప దగ్గర కాసేపు నిలబడింది. వీధి చివరికంటా చూసింది.

"రాడుగా?"

"రాడు వదినా."

"చారుపొడి కొట్టి డబ్బాలో పోశాను. ఆవకాయ జాడీ అటక మీదుంది, తడి చెయ్యి పెట్టొద్దని చెప్పు. ఇంకో మాట. మూడో నెల్లో నేనే వస్తాను. తలుపేసుకున్నా తోసుకుని వస్తానని చెప్పు మీ అన్నకి."

సాయంత్రం ఆ మాట చెప్పాను. అతను విన్నాడు. "కాలవ వదలగానే వస్తానందా?" అని నవ్వాడు. అది నేనెరిగిన నవ్వు కాదు.

చైత్రంలో కొడుకు పుట్టాడు. ఆ రోజుల్లో కాలవ కట్టేసి ఉంది. ఎండిన కాలవలో పిల్లలు గోలీలాడుకుంటున్నారు. బారసాలకి బసవయ్య పొద్దుటి బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో తిరిగొచ్చాడు. ఒక్క పూట ఉండమని ఎంత బతిమాలినా ఉండలేదట.

"ఎట్టా ఉన్నాడన్నా?"

"ఎలకపిల్లలా ఉన్నాడు." చెప్పులు విప్పి, "వేలు పట్టుకున్నాడురా. వదల్డే! ఆళ్ళమ్మొచ్చి విడదీసింది" అన్నాడు. ఆ వేలు వంక చూసుకున్నాడు.

అప్పుడు ఉయ్యాల తొట్టి మొదలుపెట్టాడు. లారీ బాడీల్లో మిగిలిన చెక్కల్లో మంచివి ఏరి సైకిలు మీద తెచ్చేవాడు. పెరట్లో చిత్రిక పడుతుంటే పొట్టు నా గది దాకా ఎగిరొచ్చేది. పక్కచెక్కలు మామూలుకంటే బాగా ఎత్తు పెట్టాడు.

"ఇది ఉయ్యాలా అన్నా, లారీయా?"

"పడిపోకుండా. లోపలోడు ఎక్కి పోకుండా కూడా" అన్నాడు.

ఎండలు పోయాయి. కాలవలు వదిలారు. ఎర్రనీళ్ళు గట్లు ఒరుసుకుంటూ వచ్చాయి. మూడో నెల నిండింది. పల్లెనుంచి వచ్చిన ఒక మనిషి చేత, ఆషాఢం కదా, వెళ్ళాక పంపుతామని కబురు చేశారు. బసవయ్య తొట్టికి కొయ్య చిలకలు చెక్కుతూ కూర్చున్నాడు. ఆషాఢం వెళ్ళింది. శ్రావణంలో వెంకటప్పయ్య స్వయంగా వచ్చాడు, ఒక్కడే.

"ఎదురు శుక్రుడొచ్చి పడ్డాడు అల్లుడుగారూ. పడమట ఉన్నాడంట. మా ఊర్నుంచి బెజవాడ పడమటి దిక్కేనాయె. బాలింత చంటోడితో శుక్రుడికి ఎదురెళ్ళకూడదని మా పంతులు మరీ మరీ చెప్పాడు. అది కాస్తా పోనివ్వండి. నేనే తెచ్చి దించుతాను."

బసవయ్య అరుస్తాడనుకున్నాను. "అట్టాగేనండి మావయ్యగారూ. మీరింత దూరం రావాలా? కబురు పెడితే చాలదూ?" అన్నాడు. కాఫీ తెప్పించి ఇచ్చాడు. ఆ మర్యాద చూసి నాకు భయమేసింది. మామగారు సంచీ అందుకోబోయేసరికి మామూలుగానే తను ముందు వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి తొట్టి ముట్టుకోలేదు. షెడ్డుకి వెళ్ళడం మానేశాడు. వండుకోడు. నేను తెచ్చిన పూరీలు అలాగే ఉండేవి. పగలల్లా కాలవ గట్టు మీద కూర్చునేవాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. గడ్డి పడవ ఒకటి మెల్లగా దిగువకి పోతోంది. ఇద్దరు మనుషులు భుజాన తాడేసుకుని, ముందుకి వంగి, గట్టు వెంబడి లాక్కుపోతున్నారు.

"నువ్వే వెళ్ళి తీసుకురారాదా?" అన్నాను.

"నేనెళ్తే పంపం అంటారు. అప్పుడు మొహాన చెప్పించుకున్నట్టవుద్ది."

"పంపనని ఎవరూ అన్లేదన్నా. వదిన వస్తానంది."

"ఆళ్ళు మంచోళ్ళురా. పంపం అని ఎందుకంటారు?" పడవ వంకే చూస్తున్నాడు. "మా పడవొచ్చింది, నీకు తెలుసా?"

తెలియదన్నాను. శౌరమ్మ ఆ మాట చెప్పలేదు.

"కాలవ వదిలినాక బురదలోంచి దానంతటదే లేచింది. మా పడవే. ముక్కు మీద మా అయ్య ఏసిన తెల్ల చుక్కుంది. ఎవరో ఇద్దరొచ్చి ఎక్కారు. మా అయ్య అమ్మేశాడంట ఆళ్ళకి. నాకు తెలవదుగా. మా పడవొచ్చిందని ఎగిరి దాంట్లో కూర్చున్నా. లాకులోకి తెచ్చారు. తలుపులేశారు. నీళ్ళు దిగతన్నాయి, పడవ దిగతంది, నేను దిగతన్నా. పైన గట్టు మీద లాజరయ్య కనపడతన్నాడు. అప్పుడు ఆళ్ళలో ఒకడు నన్ను రెక్క పట్టుకుని పైకందించాడు. లాజరయ్య అందుకున్నాడు. అవతలి తలుపు తీశారు. పడవ పోయింది."

మట్టిబెడ్డ ఒకటి తీసి నీళ్ళలోకి విసిరాడు.

"రాడని ఆ రోజు ఒక్కరన్నా చెప్పుంటే ఏడ్చి, బువ్వ తిని పడుకునేవాణ్ణిరా. వస్తాడన్నారు. అందుకని కూర్చున్నా. ఇంకా కూర్చునే ఉన్నా."

మర్నాడే ప్రెస్సుకి సెలవు పెట్టి పామర్రు మీదుగా ఆ పల్లెకి వెళ్ళాను. వెంకటప్పయ్య పొలంలో ఉన్నాడు. మాణిక్యమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. రామతులసి చంటివాడికి పాలిస్తూ లోపలినుంచి, "తమ్ముడొచ్చాడే!" అని అరిచింది. సంతోషం మొహంనిండా ఉంది. నేను చెప్పడం మొదలుపెట్టగానే అది పోయింది.

"తిండి తినట్లేదా?"

"తినట్లేదు. మీరు రాకపోతే ఆయన ఉండడు వదినా. చస్తాడనడం లేదు. ఉండడు."

ఆమెకి అర్థమైంది. లేచి, "అమ్మా, చుక్కల సంగతి నాకు తెలవదు. ఆ మనిషి సంగతి తెలుసు. రేప్పొద్దున పోతన్నా" అంది.

మాణిక్యమ్మ చేట కింద పెట్టింది. ఈ చాదస్తాలని దులిపెయ్యాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆకాశంలో ఎక్కడో ఉన్న చుక్కకి కృష్ణలంకలో ఇల్లు అడ్డమొచ్చిందా అని అడుగుదామనుకున్నాను. ఆమె నా వైపు చూడను కూడా లేదు. కూతురితో చాలా మెల్లగా అంది:

"మీ పెద్దన్నని చంటోడప్పుడు మా పుట్టింటినుంచి ఎదురు శుక్రుడిలోనే తీసుకొచ్చామే మేం, మీ నాయనమ్మ వినకపోతే. దారిలోనే జొరం కాసింది. నీకు చెప్పలేదు నేను. వాడు ఈ గడప ఎక్కనే లేదు."

నేను కూర్చుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. రామతులసి చంటివాణ్ణి గుండెకి హత్తుకుని నిలబడిపోయింది. ఒక వంక మొగుడు, ఒక వంక వీడు.

సాయంత్రం పంతులుగారిని పిలిపించారు. ఆయన చాలాసేపు పంచాంగం తిప్పి ఒక దారి చెప్పాడు. నేరుగా పడమరకి పోవద్దు. ముందు దక్షిణంగా రేవుకి పోయి, పడవ మీద కృష్ణ దాటాలి. ఏరు దాటితే దోషం సగం అందులోనే పోతుంది. తెనాలి దగ్గర పినతల్లి ఇంట్లో మూడు నిద్రలు చెయ్యాలి. అక్కణ్ణించి బెజవాడ ఉత్తరం దిక్కు. శుక్రుడు పక్కకి పోతాడు. మాణిక్యమ్మ చేతులు జోడించింది. రామతులసి మొహం తేటపడింది. సోమవారం బయల్దేరి గురువారానికి ఇంటికి చేరతారు.

"గురువారం అని చెప్పు తమ్ముడూ. ఖాయంగా అని చెప్పు."

చెప్పాను. బసవయ్య నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "నిజంగా బయల్దేరుతుందా?" అన్నాడు. "పెట్టె సర్దుతుంటే చూసొచ్చాను" అన్నాను.

ఒక్కసారిగా మనిషి మారిపోయాడు. షెడ్డుకి వెళ్ళాడు. తొట్టి పూర్తిచేశాడు. దూలానికి గొలుసులేసి వేలాడదీసి, తను రెండు చేతులా బరువేసి ఊగి చూశాడు. ఇల్లు కడిగాడు. బుధవారం సాయంత్రం నా గదిలోకొచ్చి, "ఎలకపిల్ల ఇప్పటికి పందికొక్కై ఉంటాడంటావా?" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వాం.

గురువారం పొద్దున్నే తలంటుకున్నాడు. తెల్ల చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. తడి జుట్టు దువ్వుకుని కూర్చున్న ఆ మనిషిని చూసి నాకు శౌరమ్మ మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినా పట్టించుకోలేదు. సాయంత్రం నేను ప్రెస్సునుంచి వచ్చేసరికి అక్కడే ఉన్నాడు. చొక్కా నలగలేదు. ఆమె రాలేదు.

ఎగువ ఎక్కడో వానలు పడి కృష్ణకి వరదొచ్చింది. బ్యారేజీ మీద జనం చేరి చూస్తున్నారు. శుక్రవారం నాకు తట్టింది.

"ఏరొచ్చిందన్నా! రేవులో పడవలు ఆపేసుంటారు. అవతలికే దాటి ఉండరు. అదీ సంగతి. నీళ్ళు తియ్యంగానే వస్తారు."

ఆ మాట నా నోటినుంచి వచ్చాక గాని అదేమిటో నాకు తెలియలేదు. బసవయ్య నా భుజం మీద చెయ్యేశాడు. "వస్తదిలేరా" అన్నాడు. నన్ను ఊరడించాడు. అచ్చంగా శౌరమ్మ గొంతు.

శనివారం నేను లేచేసరికి అతను లేడు. సైకిలుంది. పనిముట్ల పెట్టె లేదు. తలుపు గొళ్ళెం వెయ్యలేదు, ఓరగా వేసి ఉంది. ఉయ్యాల తొట్టిలో పాత పంచె ఒకటి మెత్తగా మడతలేసి పరిచి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం వీధిలో రిక్షా ఆగింది. వెంకటప్పయ్య దిగుతున్నాడు. వరదకి రేవు ఒడ్డునే ఎవరి పంచలోనో ఆగిపోయారట. పడవ వెయ్యగానే దాటారట. ఇంకా మూడు నిద్రలు చెయ్యాలంటే రామతులసి వినలేదట. ఒక్క పూటే ఉండి తెల్లారగట్ల బండెక్కిందట. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నేను చూసింది, చంటివాణ్ణి భుజాన వేసుకుని ఆమె గేటు దగ్గరనుంచే నవ్వుతూ రావడం.

"ఏవయ్యో! తలుపు తోసుకునే వచ్చా!"

తలుపు తోసింది.

నేను గదిలోంచి బయటికి రాలేకపోయాను.

ఆ నెలంతా వెతికాను. ఆటోనగరులో ఎవరో ఏలూరు పేరు చెప్పారు. ఏలూరులో ఒక లారీ షెడ్డు వెనక చెక్కలు కోస్తూ దొరికాడు. నన్ను చూసి రంపం ఆపాడు. తిట్టాలనుకున్నాను. ముందు అతనే అడిగాడు.

"వచ్చిందా?"

"వచ్చింది. నువ్వు పోయిన మర్నాడే వచ్చింది. పద."

కూర్చున్నాడు. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు మొహమంతా తడి. చెక్కపొట్టు అంటుకుని ఉంది.

"ఇయ్యాళ వస్తాను. రేపు ఆళ్ళమ్మకి జొరమంటారు. పోద్ది. తప్పదుగా? మళ్ళీ నేను అరుగు మీద కూర్చోవాలి. నా వల్ల కాదురా తమ్ముడూ. నన్నెవరన్నా చంపినా పడతాను గాని, అది పడలేను."

"నీ కొడుకో?"

"ఆడికి నేను తెలవను. తెలవకముందే పోవటం నయం. నాకు మా అయ్య తెలుసు. చొక్కా వాసన కూడా తెలుసు. అదేరా వచ్చిన చిక్కు."

ఇంత పిచ్చి లెక్కని ఎంత శ్రద్ధగా వేసుకున్నాడు! దులిపాను, అరిచాను, కాళ్ళు పట్టుకున్నాను. చివరికి "రేపొస్తాలే" అన్నాడు. నేను నమ్మలేదు. ఇంటికెళ్ళి చెప్పగానే రామతులసి తెల్లవారే బిడ్డనెత్తుకుని ఏలూరు వెళ్ళింది. నేనూ వెళ్ళాను. సగం కోసిన చెక్క ఉంది. మనిషి లేడు. ఆమె కంటే ముందు పోయాడు.

తర్వాత ఏ కబురూ లేదు. రాయచూరులో చూశామని ఒకరు, నాగపూరులోనని ఒకరు. మాణిక్యమ్మ వచ్చి కూతుర్ని పుట్టింటికి రమ్మని ఏడ్చింది. రామతులసి వెళ్ళలేదు. వస్తే ఇంట్లో మనిషి ఉండాలి అంటుంది. ఊరికే నవ్వే అలవాటు పోయింది. కుట్టుమిషను నేర్చుకుని జాకెట్లు కుడుతోంది. ఎక్కడికీ వెళ్ళదు. చుట్టాలింట్లో శుభకార్యానికి కూడా. మూడేళ్ళనుంచి ఆ గేటు దాటి రెండు వీధులకి మించి ఆమె పోలేదు. ఇప్పుడు కాపలా ఆమెది.

పిల్లవాడికి మాటలొచ్చాయి. చేతులు తండ్రివే, పొడుగ్గా. ఎత్తు పక్కచెక్కల ఉయ్యాలలోంచి ఎప్పుడో ఎక్కి బయటికొచ్చేశాడు. వీధిలో లారీ హారను వినపడితే చాలు, తింటున్న కంచం వదిలి గేటు దగ్గరికి పరిగెడతాడు.

మొన్న కాలవలు వదిలిన రోజు సాయంత్రం ఒక లారీ మా వీధిలో ఆగి, దారి అడిగి, వెళ్ళిపోయింది. వాడు గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. రామతులసి మిషను మీదినుంచి లేవకుండానే అంది:

"వస్తాడులే నాన్నా. వచ్చి బువ్వ తిను."

నేను గదిలోంచి బయటికొచ్చాను.

"వదినా, తిట్టండి, కొట్టండి, ఆ మాట మాత్రం చెప్పకండి. రాడని చెప్పండి. వాడు ఏడుస్తాడు, తిని పడుకుంటాడు. రేపటికి బతుకుతాడు."

ఆమె మిషను ఆపింది. నా వైపు తిరిగింది. కోపం లేదు. గేటు దగ్గరికి వెళ్ళి వాణ్ణి ఎత్తుకొచ్చి నా ఎదురుగా నిలబెట్టింది.

"నువ్వు చెప్పు తమ్ముడూ. చదువుకున్నోడివి. వీడి మొహం చూసి చెప్పు."

వాడు తలెత్తి నా వంక చూశాడు. మూతి మీద అన్నం మెతుకు అంటుకుని ఉంది. నా చొక్కా అంచు పట్టుకున్నాడు.

"వస్తాడురా" అన్నాను.